ఐదు లక్షల ఎకరాల అడవిలో దుప్పిని ఎక్కడని వెతకాలి?

పటమట కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. ఏడేళ్లుగా పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడు నెల సెలవు మీద ఇంటికొచ్చాను, జూన్ మొదటి వారంలో తిరుగు ప్రయాణం. మన విజయవాడ, గుంటూరు వాళ్లలో పెన్సిల్వేనియాలో ఉండి వచ్చినవాళ్లు ఇక్కడ ఉంటారన్న ఆశతో అడుగుతున్నాను.

మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్లుగా దుప్పుల వేటకు వెళ్తున్నారు. పోయిన చలికాలం తన ఫ్రీజర్‌లోంచి రెండు కిలోల మాంసం ఇచ్చారు. మా ఆవిడ మన గుంటూరు కారం, ధనియాల పొడి దట్టించి వేపుడు చేసింది. తింటుంటే ఒకటే అనిపించింది. ఇన్నేళ్లుగా మాంసం తింటున్నాను, అది కంచంలోకి ఎలా వస్తోందో ఒక్కసారి కూడా నా కళ్లతో చూడలేదు. ఒక్క ఏడాదైనా నేనే వెళ్లి తెచ్చుకోవాలని గట్టిగా అనుకున్నాను.

ఆయన నన్ను వెంట తీసుకెళ్తానన్నారు కానీ మోకాలి ఆపరేషన్ అయింది, ఈ ఏడాది కొండలు ఎక్కలేరు. లైసెన్స్‌కి కావలసిన క్లాసు పూర్తి చేశాను. ఆయన పాత క్రాస్‌బో, అంటే తుపాకీలా పట్టుకుని మీట నొక్కి బాణం వదిలే విల్లు, నాకిచ్చారు, పెరట్లో ముప్పై గజాల దాకా గురి కుదిరింది. ఇక మిగిలింది అడవి.

వెళ్లాలనుకుంటున్నది అలెగెనీ నేషనల్ ఫారెస్ట్. ఐదు లక్షల ఎకరాల పైచిలుకు, ఎవరైనా వెళ్లొచ్చు. ఏప్రిల్‌లో మంచు కరిగాక రెండు శనివారాలు వెళ్లొచ్చాను. మేరియన్‌విల్ దాటాక రోడ్డు పక్కన కారు ఆపి, రెండుసార్లూ నాలుగేసి గంటలు నడిచాను. ఎటు చూసినా ఒకేలాంటి చెట్లు, కింద పోయినేడాది ఎండిపోయిన ఫెర్న్ ఆకులు. మొత్తం మీద రెండు చోట్ల పెంటికలు కనిపించాయి. ఒక తెల్ల తోక పైకి లేచి చెట్ల మధ్య మాయమైంది. అంతే. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే స్క్రీన్ అంతా ఒకటే పచ్చ రంగు. ఎక్కడ వేలు పెట్టాలో తెలియక టెన్షన్ వచ్చేస్తోంది.

అక్టోబరులో బాణాల సీజన్ మొదలవుతుంది. అంత పెద్ద అడవిలో కూర్చోవడానికి ఒక చోటుని ఎలా ఎంచుకోవాలి? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. ఇంకో సందేహం కూడా ఉంది. నేను హెచ్1బీ మీద ఉన్నాను, నవంబరు చివర తుపాకీ సీజన్‌కి కూడా వెళ్లొచ్చా?

బ్రాడీపేట 4వ లైను:

తమ్ముడూ, నేను 1998 నుంచి 2016 దాకా పిట్స్‌బర్గ్‌లోనే ఉన్నాను. ఇప్పుడు గుంటూరులో స్థిరపడ్డాం. మీరు చెప్పిన అడవిలోనే పద్నాలుగు సీజన్లు తిరిగాను. క్లారియన్ దాటి 66వ నంబరు రోడ్డు మీద తెల్లవారుజామున మేరియన్‌విల్ వైపు వెళ్తుంటే హెడ్‌లైట్ల ముందు పొగమంచు కదలడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మీ ప్రశ్న చదవగానే మనసంతా అక్కడికి వెళ్లిపోయింది.

ముందు తుపాకీ సంగతి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. అయినా సరే, ఒక లాయరుతో మాట్లాడకుండా తుపాకీ ముట్టుకోవద్దు. మన బతుకుతెరువు వీసా మీద ఉంటుంది కదా. క్రాస్‌బోకి ఈ చట్టంతో పని లేదు. మొదటి ఏడాది దానితోనే వెళ్లండి.

ఇక అడవి. అక్కడ ఎకరం ఎకరానికీ దుప్పి ఉంటుందనుకుంటే కాళ్లు అరుగుతాయి. ఒక వారంలో దుప్పులు నిజంగా కాలం గడిపే నేల చాలా కొద్ది. మిగతాదంతా అవి దాటిపోయే దారి. అందుకని మీరు మ్యాప్ మీద చేయాల్సిన మొదటి పని, దుప్పికి పనికిరాని నేలని కొట్టేసుకుంటూ రావడం.

మీరు చూసిన ఫెర్న్‌తోనే మొదలుపెడతాను, ఎందుకంటే నా మొదటి రెండు సీజన్లూ దానికే బలయ్యాయి. పెద్ద పెద్ద చెర్రీ చెట్లు, కింద మోకాలెత్తు ఫెర్న్ తివాచీ పరిచినట్టు, చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. అక్టోబరులో పసుపు రంగుకి తిరిగి ఎండుగడ్డి వాసన వేస్తుంది, వరిగడ్డి వామి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. వంద గజాల దాకా చూపు ఆనుతుంది కదా, ఇంతకంటే మంచి చోటు ఏముంటుందని చెట్టుకి ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఉడతలు తప్ప ఏమీ వచ్చేవి కావు. తర్వాత తెలిసింది, ఆ ఫెర్న్‌ని దుప్పి తినదు. దశాబ్దాల పాటు లేత మొక్కలన్నీ దుప్పులు తినేస్తే, అవి వదిలేసిన ఫెర్న్ నేలంతా ఆక్రమించింది. దాని నీడలో కొత్త మొక్క మొలవదు. అంటే మీరు చూసింది తిండి అయిపోయిన నేల, తమ్ముడూ. ఎండాకాలంలో నడిచేటప్పుడు ఫెర్న్ మైదానం కనిపించిన ప్రతిచోటా మ్యాప్ మీద అడ్డగీత కొట్టేయండి. సగం అడవి పోతుంది.

మిగిలిన సగంలో రెండు రకాల తిండి వెతకాలి. ఒకటి నరికిన అడవి. అక్కడ ఫారెస్ట్ సర్వీస్ వాళ్లు కలప కోసం అక్కడక్కడ కోతలు కోయిస్తారు. ఎండ నేల మీద పడగానే బ్లాక్‌బెర్రీ తుప్పలు, మేపుల్ మొక్కలు, మొదళ్ల నుంచి చిగుళ్లు విరగబడి లేస్తాయి. మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు కోత అయితే దుప్పికి అదే భోజనం, అదే పడక. ఇరవై ఏళ్లయితే సన్నటి కర్రల తోపులా పెరిగి కింద మళ్లీ చీకటి పడిపోతుంది. ఏ కోత ఎప్పటిదో కనుక్కోవాలంటే గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫోటోలు వెనక్కి తిప్పి చూడండి. ఏ ఏడాది ఆ ముక్క బోసిపోయిందో తెలిసిపోతుంది. మీకు ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పని ఇది, రేపే మొదలుపెట్టొచ్చు.

ఆ అడవిలో కొన్ని కోతల చుట్టూ ఎనిమిదడుగుల ఎత్తు తీగల కంచె వేసి ఉంటుంది, దుప్పులు లోపలికి వెళ్లి మొక్కలు తినేయకుండా. చాలామంది కంచె చూసి వెనక్కి తిరుగుతారు. మీరు దాని మూల దాకా నడవండి. ఆ పక్క నుంచి ఈ పక్కకి పోవాలంటే దుప్పి కూడా ఆ మూల తిరగాల్సిందే. ఒక కంచె మూలలో నేల గేదెలు తొక్కినట్టు గిట్టల అచ్చులతో నలిగిపోయి ఉండటం చూశాను.

రెండోది ఓక్ కాయలు, అక్కడ ఏకార్న్ అంటారు. అలెగెనీలో ఎక్కువ భాగం చెర్రీ, మేపుల్, బీచ్ చెట్లే. ఓక్ ప్రధానంగా నదుల వెంట కొండవాలుల్లో ఉంటుంది, అలెగెనీ నది పక్కన, క్లారియన్ నది పక్కన. కాయలు ఎంత తక్కువ చోట్ల ఉంటే వెతికేవాడికి అంత మేలు. తెల్ల ఓక్ ఆకు అంచులు గుండ్రంగా ఉంటాయి, ఎర్ర ఓక్ ఆకు కొసలు ముళ్లలా సూదిగా ఉంటాయి. తెల్ల ఓక్ కాయ ఆ ఏడాదికి ఆ ఏడాదే పండి సెప్టెంబరు, అక్టోబరుల్లో రాలుతుంది. వగరు తక్కువ, దుప్పి ముందు దాన్నే ఏరుకుంటుంది. ఎర్ర ఓక్ కాయ పండటానికి రెండేళ్లు పడుతుంది, వగరు ఎక్కువ. అవి చలికాలం దాకా నేల మీద మిగులుతాయి. కాబట్టి బాణాల సీజన్ మొదట్లో తెల్ల ఓక్, చివర్లో ఎర్ర ఓక్ అని పెట్టుకోండి. ఆగస్టు చివర్లో ఒక బైనాక్యులర్స్ తీసుకెళ్లి కొమ్మల్లోకి చూడండి. అన్ని చెట్లూ ప్రతి ఏడాదీ కాయవు. మన మామిడి లాగే, ఒక ఏడాది విరగకాసిన చెట్టు మరుసటి ఏడాది ఊరుకుంటుంది.

మిగతాది రాత్రికి రాస్తాను. కరెంటు పోయేలా ఉంది, గాలివాన మొదలైంది ఇక్కడ.

సత్యనారాయణపురం:

చదువుతుంటే బాధగా ఉంది, అందుకే రాస్తున్నాను. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. జింకని చూస్తే చేతులు ఎలా వస్తాయండి? అంత దూరం వెళ్లి, అంత కష్టపడి వెతికి, ఒక ఫోటో తీసుకుని రావచ్చు కదా. మిమ్మల్ని నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను.

గవర్నర్‌పేట కెమెరా:

నాది ఫోటోల పక్షమే. పన్నెండేళ్లుగా ఏటా రెండు మూడుసార్లు నల్లమల వెళ్తున్నాను, దోర్నాల దాటాక తుమ్మలబయలు సఫారీకి. అందుకే మొదట ఒక మాట గట్టిగా చెప్పాలి, ఈ చర్చ చదివేవాళ్లలో కుర్రవాళ్లు ఉంటారు కాబట్టి. మన దేశంలో దుప్పి, కణితి, జింక, ఏదైనా సరే, వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జైలు శిక్ష ఉంటుంది. ఇక్కడ చెప్పుకుంటున్నదంతా పెన్సిల్వేనియా అడవి గురించే.

కానీ దుప్పిని వెతకడం వేరే విద్య, అది కెమెరాకీ పనికొస్తుంది. నాకు నేర్పింది ఒక చెంచు పెద్దాయన. ఆయన అటవీ శాఖలో రక్షణ పని చేసేవారు. మొదటిసారి ఆయనతో నడిచినప్పుడు నేను దూరంగా చెట్ల మధ్యకి చూస్తున్నాను, ఆయన తల ఎత్తి కొమ్మల్లోకి చూస్తున్నారు. కొండముచ్చులు ఎక్కడ మేస్తున్నాయో చూశారు. అవి సగం తిని సగం కింద పడేస్తాయి, ఆ ఆకులకీ కాయలకీ చుక్కల దుప్పులు కిందకి చేరతాయి. పైనున్న కొండముచ్చుకి పులి ముందు కనిపిస్తుంది కాబట్టి వాటికి కాపలా కూడా దొరుకుతుంది. పావుగంట నిలబడ్డాం. పదకొండు దుప్పులు వచ్చాయి.

మార్చి, ఏప్రిల్‌లో అయితే ఇప్పచెట్టు. రాత్రి రాలిన పూలు తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటాయి, తియ్యటి వాసన వంద అడుగుల నుంచే తెలుస్తుంది. చీకటి విడకముందే కణితులు వచ్చి తినేసి పోతాయి. మనం ఆరున్నరకి వెళ్తే అచ్చులు మాత్రమే మిగులుతాయి. బ్రాడీపేట గారు చెప్పిన ఓక్ కాయలు చదవగానే ఇప్పపూలే గుర్తొచ్చాయి. మే నెలలో మాత్రం అన్నీ వదిలేసి నీటిగుంట దగ్గర ఉండాలి, వేరే దారి లేదు. పెన్సిల్వేనియాలో నీళ్ల సంగతి ఏమిటి?

బ్రాడీపేట 4వ లైను:

కరెంటు ఇప్పుడే వచ్చింది. సత్యనారాయణపురం గారికి ముందు జవాబు చెప్పాలి, ఆ ప్రశ్న నేనూ నాకు చాలా ఏళ్లు వేసుకున్నదే.

1800ల చివరికి పెన్సిల్వేనియాలో దుప్పి దాదాపు లేకుండా పోయిందండి. అడ్డూ ఆపూ లేని వేట, దానికి తోడు కొండలన్నీ బోడి అయ్యేలా చెట్ల నరికివేత. 1895లో అక్కడ వేటని, వన్యప్రాణుల్ని చూసుకునే గేమ్ కమిషన్ పెట్టారు. 1906 నుంచి వేరే రాష్ట్రాల నుంచి దుప్పులని కొని తెచ్చి వదిలారు. అడవి మళ్లీ మొలిచింది, దుప్పి పెరిగింది. కానీ ఈలోగా తోడేళ్లు, కొండసింహాలు అక్కడ అంతరించిపోయాయి. ఆపేవాడు లేక దుప్పులు మితిమీరిపోయి అడవి మొలకల్నే తినేశాయి. నేను చెప్పిన ఫెర్న్ తివాచీ ఆ కథలోదే. మొలకలే కాదు, చిన్న పిట్టలు గూళ్లు కట్టుకునే పొదలు కూడా పోయాయి. నల్లమలలో ఆ పని పులి, చిరుత చేస్తున్నాయి. అక్కడ లైసెన్స్ తీసుకున్న మనిషి చేస్తున్నాడు. ఆ లైసెన్స్ డబ్బు గేమ్ కమిషన్‌కి ఒక ముఖ్య ఆధారం. నేను మొదటి దుప్పిని కొట్టినరోజు దాని పక్కన కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను. మెడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. ఆ బరువు ఉండాలనే అంటాను. అది లేనివాడు అడవికి పోకూడదు.

గవర్నర్‌పేట గారూ, నీళ్ల గురించి మంచి ప్రశ్న వేశారు. అలెగెనీలో ప్రతి లోయలోనూ వాగు ఉంటుంది, ప్రతి వాలులోనూ ఊట ఉంటుంది. నీళ్లు అన్నిచోట్లా ఉన్నప్పుడు నీళ్లని బట్టి చోటు చెప్పలేం. అందుకే అక్కడ తిండి, పడక, ఈ రెంటి మధ్య దారి, ఈ మూడే చూసుకోవాలి.

పడక సంగతి చెప్తాను. పగలు దుప్పి ఎక్కువగా కొండ కొమ్ము మీద, పైనుంచి మూడో వంతు ఎత్తులో పడుకుంటుంది. గాలి కొండ వెనక నుంచి వీపు మీదుగా వస్తుంటే, కళ్లు కింద లోయ వైపు పెడుతుంది. వెనక నుంచి వచ్చేవాడి వాసన, ముందు నుంచి వచ్చేవాడి ఆకారం, రెండూ తెలుస్తాయి. హెమ్లాక్ గుబుర్లు, మౌంటెన్ లారెల్ తుప్పలు ఉంటే ఇంకా ఇష్టం. ఆకుల్లో గుడ్డు ఆకారంలో నొక్కుకుపోయిన గుంటలు కనిపిస్తే అవే పడకలు. అక్కడికి ఇప్పుడు, ఎండాకాలంలో ఒకసారి వెళ్లి చూసి గుర్తు పెట్టుకోండి. సెప్టెంబరు దాటాక మాత్రం ఆ దరిదాపులకి పోవద్దు. ఒకసారి లేపారంటే ఆ దుప్పి ఆ కొండనే వదిలేయొచ్చు.

దారి కోసం మ్యాప్ మీద ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ గీతలు చూడాలి. రెండు శిఖరాల మధ్య వెన్ను కిందికి దిగే చోటు, మన భాషలో చెప్పాలంటే కనుమ. కొండ దాటాల్సిన జంతువు ఏదైనా తక్కువ ఎత్తులోనే దాటుతుంది, మన నంద్యాల రోడ్డు వేసినవాళ్లు చూసినట్టే. ఇంకొకటి, నిట్టనిలువు వాలు మధ్యలో గీతలు కాస్త ఎడంగా జరిగిన చోటు. అక్కడ కొండకి ఒక మెట్టు ఉందన్నమాట. దుప్పి ఆ మెట్టు మీద అడ్డంగా నడుస్తుంది.

నాకు దొరికిన చోటు అలాంటి మెట్టే. 2009 అక్టోబరు. క్లారియన్ నదికి పైన, కారు నుంచి గంటం పావు నడక. మెట్టు వెడల్పు మన బ్రాడీపేట లైను అంత కూడా ఉండదు. దాని మీద నాలుగు తెల్ల ఓక్ చెట్లు. నేను వెళ్లేసరికి గాలి లేదు, అయినా టప్ టప్‌మని కాయలు పొడి ఆకుల మీద పడుతున్నాయి. వంగి చూశాను. కాయల టోపీలు చాలా ఉన్నాయి, కాయలు కొన్నే ఉన్నాయి. పగిలిన డొల్ల ముక్కలు లోపలి వైపు ఇంకా లేత పసుపుగా ఉన్నాయి. పాతబడితే గోధుమరంగుకి తిరుగుతాయి, అంటే అవి ఆ రోజువే. పెంటికలు తడిగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఒకటి పుల్లతో విరిచి చూస్తే లోపల మెత్తగా ఉంది. మెట్టు కొసన బొటనవేలంత మందం మేపుల్ మొక్కకి బెరడు ఊడిపోయి, తెల్లటి కర్ర బయటపడి, పాలు కారినట్టు తడిగా ఉంది. మగ దుప్పి కొమ్ములు రుద్దిన గుర్తు అది. రుద్దిన వైపే అది వచ్చిన వైపు. దానికి పదడుగుల దూరంలో ఒక వంగిన కొమ్మ, దాని కింద ఆకులన్నీ పక్కకి గీకేసి నల్లటి మట్టి కనిపిస్తోంది, అందులో ఒక గిట్ట అచ్చు. అన్నీ ఒకే చోట! పదకొండేళ్లు వెతికిన వస్తువు ఇంట్లోనే దొరికినట్టనిపించింది. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను, నాలుగు రోజులాగి గాలి కుదిరినప్పుడు మాత్రమే మళ్లీ వెళ్లాను.

గాలి కుదరడం అంటే ఏమిటో అసలు విషయం ఇదే, తమ్ముడూ. కొండల్లో వాతావరణ యాప్ చెప్పిన గాలి ఒకటి, మీ మెడకి తగిలే గాలి ఇంకొకటి. తెల్లవారుజామున చల్లబడ్డ గాలి నీళ్లలా వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ పడి నేల వేడెక్కాక పైకి లేస్తుంది. సాయంత్రం మళ్లీ కిందికి. మీ వాసన ఆ గాలి మీదే ప్రయాణం చేస్తుంది. పొద్దున దుప్పి కిందనుంచి పైకి పడకకి వెళ్తుంటే, ఎండెక్కే వేళకి మీరు దానికంటే పైన ఉండాలి. ఇది తెలియక ఒక నవంబరులో, జతకట్టే కాలం మంచి జోరులో ఉండగా, ఎనిమిది కొమ్మల మగదాన్ని పోగొట్టుకున్నాను. నలభై గజాల దూరంలో ఆగి, తల ఎత్తి, ముక్కు రెండుసార్లు ఆడించి, కాలు నేలకి తన్ని వెళ్లిపోయింది.

అక్కడి వేటగాళ్లు గాలి చూడటానికి మిల్క్‌వీడ్ దూది వదులుతారు. అది మన జిల్లేడు కుటుంబమే. ఇప్పుడు మే నెల, మన పొలాల గట్ల మీద జిల్లేడు కాయలు పగిలి దూది ఎగురుతోంది కదా. నాలుగు కాయలు డబ్బాలో వేసుకుని, తెల్లవారకముందే మంగళగిరి కొండ మెట్లు ఎక్కండి. పానకాల స్వామి దర్శనం కూడా అవుతుంది. సగం ఎక్కి ఒక్కొక్క పోగు వదిలి చూస్తూ ఉండండి, సూర్యుడు వచ్చి గంట గడిచేదాకా. వంద వీడియోలు చూసినా రాని విషయం అక్కడ గంటన్నరలో తెలుస్తుంది.

అరండల్‌పేట డాక్టర్:

ఒక్క విషయం చేర్చి వెళ్తాను. రెసిడెన్సీ పెన్సిల్వేనియాలోనే చేశాను. ఎండాకాలం చోటు వెతుకుతూ అడవిలో తిరుగుతారు కాబట్టి పిడుదుల గురించి జాగ్రత్త. లైమ్ జబ్బు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో అదొకటి. జూన్, జూలైలో తిరిగే పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది, కుడితే నొప్పి తెలియదు. ప్యాంటు సాక్సులోకి దోపండి, బట్టలకి పర్మెథ్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టి వేసుకోండి, ఒంటికి మాత్రం అది రాయకూడదు. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో వెతకండి. కరిచి ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగండి. తర్వాత కొన్ని వారాల్లో గుండ్రంగా ఎర్ర మచ్చ పెరుగుతూ కనిపించినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొదట్లోనే యాంటీబయాటిక్స్ వాడితే చక్కగా తగ్గుతుంది.

సత్యనారాయణపురం:

బ్రాడీపేట గారూ, ఓపికగా చెప్పారు. నేను మనసు మార్చుకోలేదండి, నా చేత కాదు. కానీ మీరు పక్కన కూర్చున్నానని రాసిన మాట దగ్గర ఆగిపోయాను. తోడేళ్లు పోవడం వల్ల ఇంత జరిగిందని నాకు తెలియదు.

పటమట కుర్రాడు:

అందరికీ చాలా చాలా థాంక్స్. గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు తిప్పుతూ మూడు రాత్రులు కూర్చున్నాను. మేరియన్‌విల్ చుట్టుపక్కల ఆరేళ్ల లోపు కోతలు ఏడు దొరికాయి. ఏప్రిల్‌లో నేను కారు ఆపిన చోటు నుంచి ఒకటి మైలున్నర దూరమే, నేను ఎదురు దిక్కున నడిచాను. క్లారియన్ నది వెంట కాంటూర్ గీతలు ఎడం జరిగిన మెట్లు నాలుగు గుర్తు పెట్టుకున్నాను. అన్నా, మీ మెట్టు ఎక్కడో అడగను, అది మీది.

ఈరోజు పొద్దున మంగళగిరి వెళ్లాను. యనమలకుదురు దగ్గర కరకట్ట పక్కన జిల్లేడు కాయలు నిన్ననే కోసి పెట్టుకున్నాను. 4.50కి మెట్ల మొదట్లో ఉన్నాను, సగం దూరం ఎక్కి పక్కన బండ మీద కూర్చున్నాను. ఆకు కూడా కదలడం లేదు, గాలే లేదనుకున్నాను. మొదటి పోగు వదిలితే అది నిలువుగా పడలేదు. మోకాలెత్తులో మెట్ల వెంట కిందికి, ఎవరో నడిపిస్తున్నట్టు నిదానంగా దిగిపోయింది. పది వదిలాను, పదీ అలాగే వెళ్లాయి. కింద నుంచి ఎక్కుతున్న ఒక పెద్దావిడ మొహానికి ఒకటి తగిలింది. ఆవిడ నాకంటే ముప్పై మెట్లు కింద ఉన్నారు. నా వాసన కూడా అలాగే తగిలి ఉంటుందని అప్పుడు అర్థమైంది.

ఎండ బండ మీద పడ్డాక కాసేపు పోగులు ఎటూ తేల్చుకోలేక ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. 6.40కి వదిలింది భుజం పక్క నుంచి లేచి, నా తల మీదుగా కొండ పైనున్న గండాలయం వైపు వెళ్లింది. కళ్లకి కనిపించినంత దూరం చూశాను.

డబ్బాలో ఇంకా రెండు కాయలున్నాయి. అమెరికా కస్టమ్స్ వాళ్లు విత్తనాలు ఊరికే రానివ్వరు కాబట్టి ఇక్కడే వదిలేస్తాను. మిల్క్‌వీడ్ అక్కడే కోసుకుంటాను. అన్నా, అది ఏ నెలలో పగులుతుంది?

బ్రాడీపేట 4వ లైను:

సెప్టెంబరు చివర నుంచి, తమ్ముడూ. రోడ్డు పక్కన గడ్డి మైదానాల్లో బూడిదరంగు కాయలు కనిపిస్తాయి. పూర్తిగా విచ్చుకోకముందే కోసి పెట్టుకో, లేకపోతే కారంతా దూదే. అక్టోబరు మొదటి శనివారం ఎక్కడ కూర్చున్నావో, ఏం చూశావో నాకు రాయి. ఏమీ కనిపించకపోయినా రాయి.